సౌర విస్ఫోటాలు, సూర్యుని అయస్కాంత క్రియాశీలత: హైదరాబాద్ పరిసరాల్లో పరిశోధన

సూర్యుని వాతావరణంలో అయస్కాంత క్షేత్రం రూపంలో పోగుపడిన శక్తి కొద్ది నిమిషాల నుంచి కొద్ది గంటల వ్యవధిలో విడుదలై, కాంతిగాను, అమిత వేగంతో పరుగెత్తే కణాలుగాను, ప్లాస్మా మేఘాలుగాను బయటికి వెలువడే ఘటనలను సౌర విస్ఫోటాలు అంటారు. వీటికి మూలమైన మార్పులన్నిటినీ కలిపి సూర్యుని అయస్కాంత క్రియాశీలతగా వ్యవహరిస్తారు. ఈ అంశంపై జరిగిన పరిశోధనలో నేటి తెలుగు రాష్ట్రాల భూభాగానికి 1868 నుంచీ చోటుంది. హైదరాబాద్‌లో ఆ కృషి బేగంపేటలోని నిజామియా వేధశాలలోను, నగరానికి ఆగ్నేయంగా ఉన్న రంగాపూర్‌లోను, హబ్సిగూడలోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలోను, ఉస్మానియా విశ్వవిద్యాలయంలోను వేర్వేరు దారుల్లో సాగింది. మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల మీదుగా విస్తరించిన ఐటీ కారిడార్‌కు ఈ చరిత్రలో పాత్ర చాలా స్వల్పం. అయితే ఉపగ్రహాలు పంపే కాల సంకేతాల మీద, ఖండాలను కలిపే సముద్రగర్భ కేబుళ్ల మీద ఆధారపడి బతికే ప్రాంతం కావడంతో, ఈ పరిశోధన ఫలితాలతో ఎక్కువ అవసరం పడేది ఆ కారిడార్‌కే.

అయస్కాంత శక్తి విస్ఫోటంగా మారే తీరు

సూర్యుడు ఘనగోళం కాదు కనుక అన్ని అక్షాంశాల వద్ద ఒకే వేగంతో తిరగడు. మధ్యరేఖ దగ్గర ఒక చుట్టుకు సుమారు 25 రోజులు పడితే ధ్రువాల దగ్గర 35 రోజుల దాకా పడుతుంది. సూర్యుని పదార్థం విద్యుదావేశాలుగా విడిపోయిన వాయువు, అంటే ప్లాస్మా. దానిలోని అయస్కాంత బలరేఖలు ఆ వాయువుతో పాటే కదులుతాయి. అందువల్ల ఈ అసమాన భ్రమణానికి లోబడి ఉత్తర దక్షిణాలుగా ఉన్న బలరేఖలు క్రమంగా తూర్పు పడమరలుగా సాగి, ఒకదానిపై ఒకటి చుట్టుకుని బలపడతాయి. ఇలా బలపడిన క్షేత్రం ఉపరితలాన్ని చీల్చుకుని పైకి వచ్చిన చోట లోపలి వేడి పైకి రావడానికి ఆటంకం కలిగి, చుట్టూ ఉన్న 5,500 డిగ్రీల సెల్సియస్ ఉపరితలం కంటే ఆ భాగం చల్లబడి నల్లగా కనిపిస్తుంది. సూర్యబింబంపై మచ్చలు ఏర్పడే విధానం ఇదే. ఈ మచ్చలు అయస్కాంత స్థానాలని అమెరికన్ ఖగోళ శాస్త్రజ్ఞుడు జార్జ్ ఎలరీ హేల్ 1908లో నిరూపించాడు. అయస్కాంత క్షేత్రంలో ఉన్న పరమాణువుల వర్ణపట రేఖలు చీలిపోవడాన్ని జీమన్ ప్రభావం అంటారు. ఆ చీలికను మచ్చల కాంతిలో కొలవడమే హేల్ అనుసరించిన పద్ధతి. పెద్ద మచ్చలో క్షేత్రం బలం భూమి ఉపరితలం మీది క్షేత్రానికి కొన్ని వేల రెట్లు ఉంటుంది.

మచ్చల సంఖ్య సుమారు 11 ఏళ్లకొకసారి పెరిగి తగ్గుతుందని జర్మనీకి చెందిన హైన్రిచ్ ష్వాబె 1843లో గుర్తించాడు. ప్రతి చక్రంలోనూ సూర్యుని ధ్రువాల అయస్కాంత దిశ తారుమారవుతుంది కాబట్టి అసలు చక్రం 22 ఏళ్లదని చెప్పాలి. 2019 డిసెంబరులో మొదలైనది 25వ చక్రం. అది గరిష్ఠ దశకు చేరినట్టు 2024 అక్టోబరులో ప్రకటన వెలువడింది.

మచ్చల పైన కమాను ఆకారంలో లేచిన బలరేఖల పాదాలు ఉపరితల చలనాలతో పాటు కదులుతూ ఉండటం వల్ల, పురి ఎక్కువైన తాడు తనంతట తాను మెలిపడినట్టు ఆ కమానులు మెలిపడతాయి. ఎదురెదురు దిశల్లో ఉన్న రేఖలు అతి సన్నని పొరలో దగ్గరై, తెగి, వేరొక తీరులో అతుక్కున్నప్పుడు మెలికలో దాగిన శక్తి వేడిగాను చలనంగాను మారుతుంది. అయస్కాంత పునఃసంధానం అనే ఈ ప్రక్రియ నుంచి రెండు రకాల ఫలితాలు కలుగుతాయి. ఎక్స్ కిరణాలు, అతినీలలోహిత కిరణాలు ఒక్కసారిగా మెరవడం సౌర జ్వాల. సూర్యుని వెలుపలి వాతావరణమైన కరోనా నుంచి వందల కోట్ల టన్నుల ప్లాస్మా తన అయస్కాంత క్షేత్రంతో సహా ఎగసిపోవడం కరోనల్ మాస్ ఎజెక్షన్, సంక్షిప్తంగా సీఎంఈ. పెద్ద ఘటనల్లో ఇవి రెండూ కలిసి వచ్చినా, ఒకటి లేకుండా మరొకటి రావడమూ మామూలే. రెండింటినీ కలిపి సౌర తుఫాను అనే వాడుక పత్రికల్లో స్థిరపడిపోయింది గాని, భూమిపై వాటి ప్రభావాలు పూర్తిగా వేరు. జ్వాల కాంతి ఎనిమిది నిమిషాల్లో భూమికి చేరి పగటి వైపున మాత్రమే పనిచేస్తుంది. సీఎంఈకి అతి వేగవంతమైన సందర్భాల్లో 15 నుంచి 18 గంటలు, సాధారణంగా రెండు మూడు రోజులు పడుతుంది. దాని ప్రభావం రాత్రి పగలు అన్న భేదం లేకుండా భూమి మొత్తానికీ తగులుతుంది. ఆ మేఘంలోని అయస్కాంత క్షేత్రం దక్షిణ దిశగా ఉంటేనే భూమి క్షేత్రంతో సంధానం కుదిరి తీవ్రమైన అలజడి కలుగుతుంది. ఆ దిశ ఏమిటో మేఘం భూమిని సమీపించేదాకా తేల్చడం కష్టం కావడమే ముందస్తు అంచనాలకు నేటికీ ఉన్న పెద్ద అడ్డంకి.

గుంటూరు గ్రహణం నుంచి రంగాపూర్ దాకా

1868 ఆగస్టు 18న సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణం ఛాయాపథం నిజాం రాజ్యం మీదుగా గుంటూరు, మచిలీపట్నంలకు సాగింది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియర్ జాన్సెన్, బ్రిటిష్ సైనిక అధికారి జేమ్స్ టెన్నెంట్ గుంటూరులోను, మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలోను యంత్రాలు నిలిపారు. అదే వేధశాలకు చెందిన చింతామణి రఘునాథాచారి మరొక బృందంతో నేటి తెలంగాణలోని వనపర్తికి వెళ్లాడు. గ్రహణ సమయంలో సూర్యబింబం అంచున ఎర్రని తోరణాల్లా కనిపించే ప్రామినెన్సులు మేఘాలా వాయువులా అన్న వాదానికి ఆ రోజు వర్ణపటదర్శినితో తెర పడింది. వాటి కాంతి విడి విడి ప్రకాశ రేఖలుగా ఉంది కనుక అవి వేడి వాయువులని, ప్రధానంగా హైడ్రోజన్ అని తేలింది. ఆ రేఖల తీక్ష్ణతను చూసిన జాన్సెన్ గ్రహణం లేకుండానే వాటిని చూడవచ్చునని గ్రహించి, మర్నాడే గుంటూరులో ఆ పని చేసి చూపాడు. ఇంగ్లండులో నార్మన్ లాకియర్ అక్టోబరులో స్వతంత్రంగా ఇదే పద్ధతిని సాధించాడు. వీరిద్దరి లేఖలూ ఫ్రెంచి విజ్ఞాన అకాడమీకి ఒకే రోజు చేరాయి. ఆ ఏటి పరిశీలనల్లోనే కనిపించిన ఒక పసుపు రేఖ భూమిపై తెలియని మూలకానిదని లాకియర్ భావించి దానికి హీలియం అని పేరు పెట్టాడు; విలియం రామ్సే 1895లో ఆ వాయువును భూమిపై పట్టుకున్నాడు. పాఠ్యపుస్తకాలు గుంటూరు పేరును హీలియంతో ముడిపెట్టి వదిలేస్తాయి. సౌర విస్ఫోటాల చరిత్రలో చూస్తే, ప్రామినెన్సులను ఏ రోజుకారోజు గమనించే వీలు కల్పించడమే గుంటూరు ఇచ్చిన పెద్ద ఫలితం. అంతకుముందు ఏళ్లకొకసారి కొద్ది నిమిషాలు మాత్రమే కనిపించే దృశ్యం ఆ తర్వాత వేధశాలల నిత్యకృత్యంగా మారింది.

హైదరాబాద్‌లో వేధశాల 1901లో నవాబ్ జాఫర్ జంగ్ అనే సంపన్నుని సొంత ఆసక్తితో ఫిసల్‌బండలో మొదలైంది. ఆయన మరణానంతరం 1908లో నిజాం ప్రభుత్వం దానిని స్వాధీనం చేసుకుంది. బేగంపేటకు తరలించి నిజామియా వేధశాలగా వృద్ధి చేసింది. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలోకి వచ్చింది. ఆకాశం మొత్తాన్నీ ఛాయాచిత్రాల్లో పటంగా గీసే అంతర్జాతీయ పథకంలో దక్షిణాకాశపు ఒక పట్టీని పూర్తి చేయడమే దాని ప్రధాన కృషి. సూర్యుని పరిశీలన రెండో వరుసలోనిదే. అయినప్పటికీ హేల్ రూపొందించిన స్పెక్ట్రోహీలియోస్కోపు, అంటే సూర్యబింబాన్ని ఒకే ఒక్క వర్ణపట రేఖ కాంతిలో చూపే పరికరం, ఈ వేధశాలకు సమకూరింది. సౌర జ్వాలల్లో అధిక భాగం సాధారణ శ్వేతకాంతిలో కనిపించవు. హైడ్రోజన్ ఎర్రరేఖ కాంతిలో స్పష్టంగా బయటపడతాయి. ఉపగ్రహాలు రాకముందు జ్వాలలను కాపలా కాయడానికి ప్రపంచమంతటా ఇటువంటి పరికరాలే దిక్కు.

ఈ వేధశాల ఉద్యోగి ఒకరి ఇంట పెరిగిన మనాలి కల్లట్ వేణు బాప్పు (1927–1982) సూర్యుని అయస్కాంత క్రియాశీలతను నక్షత్రాలతో కలిపి చూసే మార్గానికి పునాది వేసిన వారిలో ఒకడు. మద్రాసులో పుట్టి, హైదరాబాద్‌లో పెరిగి, నిజాం కళాశాలలో చదివిన బాప్పు హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వ ఉపకార వేతనంతో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. ఖగోళ శాస్త్రజ్ఞుడు ఓలిన్ విల్సన్‌తో కలిసి 1957లో ప్రచురించిన ఫలితం నేడు విల్సన్–బాప్పు ప్రభావంగా ప్రసిద్ధం. చల్లని నక్షత్రాల వర్ణపటంలో అయనీకృత కాల్షియం గీత నడుమ ఒక సన్నని ప్రకాశ రేఖ ఉంటుంది. దాని వెడల్పును బట్టి నక్షత్రం నిజమైన కాంతిని లెక్కగట్టవచ్చునన్నదే ఆ ఫలితం. ఆ ప్రకాశ రేఖ పుట్టేది ఉపరితలానికి పైనున్న వర్ణావరణంలో. సూర్యునిపై ఏ చోట అయస్కాంత క్షేత్రం బలంగా ఉంటే ఆ చోట ఆ కాంతి హెచ్చుతుంది. అందుచేత మచ్చలు కంటికి కనబడనంత దూరపు నక్షత్రాల్లో సైతం అయస్కాంత చక్రాలను గుర్తించడానికి కాల్షియం కాంతి ఆధారమైంది. విల్సన్ 1966 నుంచి పదేళ్లకు పైగా పలు నక్షత్రాలను ఈ కాంతిలో గమనించి, సూర్యుని చక్రం వంటివి అక్కడా ఉన్నాయని చూపాడు. బాప్పు 1960లో కొడైకెనాల్ సౌర వేధశాల బాధ్యత చేపట్టి, ఆ సంస్థను 1971లో భారత ఖగోళభౌతిక సంస్థగా తీర్చిదిద్దాడు.

నగర దీపాల వెలుగు బేగంపేట ఆకాశాన్ని కమ్మేయడంతో ఉస్మానియా ఖగోళ విభాగం రంగారెడ్డి జిల్లాలోని జాపాల్, రంగాపూర్ గ్రామాల మధ్య 48 అంగుళాల దూరదర్శినిని నెలకొల్పింది. అది 1968లో పనిచేయసాగింది. ఎం.బి.కె. శర్మ తదితరులు అక్కడి నుంచి ఆర్ఎస్ కానుమ్ వెనాటికోరుమ్ తరగతి జంట తారలను కొలిచారు. జంటగా తిరుగుతూ వేగంగా భ్రమించే ఈ నక్షత్రాల ఉపరితలంలో గణనీయమైన భాగాన్ని మచ్చలు కప్పేస్తాయి. నక్షత్రం తిరిగినప్పుడు కాంతిలో వచ్చే స్వల్ప హెచ్చుతగ్గుల నుంచి ఆ మచ్చల స్థానం, విస్తీర్ణం అంచనా వేస్తారు. అసమాన భ్రమణం, మచ్చలు, జ్వాలలు అనే వరుస సూర్యునికి మాత్రమే ప్రత్యేకం కాదని చెప్పే ఆధారాల్లో ఇటువంటి కొలతలదీ ఒక వంతు.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ సరిగ్గా రంగాపూర్ మీదుగా సాగింది. అమెరికా నుంచి వచ్చిన శాస్త్రజ్ఞుల బృందాలు అక్కడ మకాం వేశాయి. సూర్యచక్రం గరిష్ఠ దశలో ఉన్నందువల్ల కరోనా రెండు పక్కలకే పరిమితం కాకుండా బింబం చుట్టూ అన్ని వైపులకూ రేకులు విప్పి కనిపించింది. కరోనా ఆకారం అయస్కాంత చక్రాన్ని అనుసరించి మారుతుందనడానికి అది చక్కని నిదర్శనం. ఆ మధ్యాహ్నం జనం భయంతో తలుపులు వేసుకుని ఇళ్లలో కూర్చోవడంతో పట్టణాల వీధులు నిర్మానుష్యమయ్యాయి. శాస్త్రానికి అంత దగ్గరగా వచ్చిన దృశ్యాన్ని ఊళ్లకు ఊళ్లే చూడకుండా వదులుకోవడం ఆ గ్రహణానికి సంబంధించి చెప్పుకోవలసిన మరో విషయం.

నేల మీది సూచిక, పైనున్న అయనావరణం

సూర్యుని వైపు చూడకుండా భూమి క్షేత్రంలోని కదలికల ద్వారా సూర్యుని కనిపెట్టడం మరొక పద్ధతి. 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అనగా ఎన్‌జీఆర్ఐ, హబ్సిగూడ ప్రాంగణంలో 1964 నుంచి అయస్కాంత వేధశాలను నడుపుతోంది. హైదరాబాద్ వద్ద భూ అయస్కాంత క్షేత్రంలో క్షితిజ సమాంతర భాగం సుమారు 40 వేల నానోటెస్లాలు. పెద్ద అయస్కాంత తుఫాను కూడా సాధారణంగా అందులో ఒక శాతం అటూ ఇటూ మాత్రమే మారుస్తుంది కనుక, కొలిచే పరికరాలకు అంతకు ఎన్నో రెట్లు సూక్ష్మత అవసరం. సీఎంఈ ముందు అల భూమి అయస్కాంతావరణాన్ని తాకి అదిమినప్పుడు రేఖాపటంలో గీత ఉన్నపళంగా పైకి లేస్తుంది. ఆపై భూమి చుట్టూ పదుల వేల కిలోమీటర్ల ఎత్తున వలయంలా ప్రవహించే విద్యుత్తు బలపడి క్షేత్రాన్ని గంటల తరబడి కిందికి లాగుతుంది. పూర్తిగా కోలుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది. పట్టపగలు పెద్ద జ్వాల వెలువడితే మరో రకం గుర్తు కనబడుతుంది: ఎక్స్ కిరణాలు పై వాతావరణాన్ని అదనంగా అయనీకరించడం వల్ల అక్కడి ప్రవాహాలు పెరిగి, గీతలో కొద్ది నిమిషాల పాటు చిన్న కొక్కెం వంటి వంపు పడుతుంది.

ఇంత సున్నితమైన కొలతలకు నగరమే విరోధి. వాహనాలు, విద్యుత్ తీగలు, ఇనుప నిర్మాణాలు కలిగించే అయస్కాంత రొద హబ్సిగూడలో పెరిగిపోవడంతో, ఎన్‌జీఆర్ఐ విజయవాడ రహదారి మీద నగరానికి 65 కిలోమీటర్ల దూరంలోని చౌటుప్పల్ ప్రాంగణంలో కొత్త వేధశాలను అభివృద్ధి చేసింది. దీపాల వెలుగు దూరదర్శినిని రంగాపూర్‌కు నెడితే, విద్యుత్ రొద మాగ్నెటోమీటర్‌ను చౌటుప్పల్‌కు నెట్టింది. నగరం విస్తరించే కొద్దీ సూర్యుని గమనించే యంత్రాలు ఊరి పొలిమేర దాటి పోవడం వందేళ్లుగా ఆగలేదు.

సుమారు 80 కిలోమీటర్ల ఎత్తు నుంచి వందల కిలోమీటర్ల దాకా ఉండే అయనావరణం తెలుగు ప్రాంతాల పరిశోధనకు అసలైన క్షేత్రం. అయస్కాంత మధ్యరేఖ కేరళ, తమిళనాడుల దక్షిణ కొస దగ్గరగా పోతుంది. పగటిపూట ఆ రేఖపై ఎలక్ట్రాన్లు పైకి లేచి, బలరేఖల వెంట ఉత్తర దక్షిణాలకు జారి, రెండు వైపులా దట్టమైన పట్టీలుగా చేరతాయి. హైదరాబాద్, విశాఖపట్నం ఈ రేఖకూ ఉత్తరపు పట్టీ శిఖరానికీ నడుమన ఉన్నందున, సూర్యుని క్రియాశీలత పెరిగినప్పుడల్లా వాటి నెత్తిన ఎలక్ట్రాన్ల సాంద్రత బాగా మారుతుంది. సూర్యాస్తమయం తర్వాత, ముఖ్యంగా విషువత్తుల నెలల్లో, ఈ పొరలో ఎలక్ట్రాన్లు లేని బుడగలు పైకి తేలి రేడియో సంకేతాలను మినుకుమినుకుమనేలా చేస్తాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి. రామచంద్రరావు ప్రారంభించిన అయనావరణ పరిశోధన సంప్రదాయం రేడియో తరంగాల ప్రతిఫలనంతో మొదలై ఉపగ్రహ సంకేతాల కొలతల దాకా సాగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలోని నావిగేషన్ ఎలక్ట్రానిక్స్ పరిశోధన, శిక్షణ విభాగం జీపీఎస్ సంకేతాలకు అయనావరణం కలిగించే ఆలస్యాన్ని అధ్యయనం చేసింది. విమానాలకు జీపీఎస్ స్థానాన్ని సరిదిద్ది అందించే గగన్ వ్యవస్థను ఇస్రో, భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి రూపొందించినప్పుడు, అమెరికా, ఐరోపాల కోసం రాసిన అయనావరణ నమూనా ఇక్కడి ఆకాశానికి సరిపోలేదు. భారతదేశానికి ప్రత్యేకంగా వేరొక నమూనా తయారు చేయవలసి వచ్చింది.

హైదరాబాద్‌లో 1969 నుంచి టాటా మౌలిక పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం నడుస్తోంది. ఈ అక్షాంశంలో భూమి అయస్కాంత కవచం తక్కువ శక్తి గల విశ్వకిరణాలను నిలువరిస్తుంది కనుక, కవచాన్ని లెక్కచేయని న్యూట్రాన్లను సూర్యుని నుంచి వెదకడానికి 1960లలోనే ఇక్కడి ఆకాశంలోకి బెలూన్లు ఎగురవేశారు.

2024 మే తుఫాను, ఆదిత్య

2024 మే నెలలో 13664 సంఖ్య గల మచ్చల సముదాయం నుంచి వరుసగా వెలువడిన సీఎంఈలు ఒకదానినొకటి కలుపుకుని మే 10, 11 తేదీల్లో భూమిని తాకాయి. 2003 తర్వాత అంతటి తుఫాను రాలేదు. లద్దాఖ్‌లోని హాన్లె వేధశాల కెమెరాలకు ఎర్రని ధ్రువకాంతి చిక్కింది. తక్కువ అక్షాంశ కేంద్రాల కొలతల సగటుతో లెక్కించే డీఎస్‌టీ సూచిక 400 నానోటెస్లాలకు పైగా పడిపోయింది. ఇంత జరిగినా భారతదేశంలో పెద్దగా అంతరాయాలు కలగకపోవడానికి ఇస్రో రెండు కారణాలు చెప్పింది. తుఫాను ప్రధాన ఘాతం మే 11 వేకువన, అయనావరణం ఇంకా పూర్తిగా ఏర్పడని వేళ తగలడం ఒకటి. దేశం తక్కువ అక్షాంశాల్లో ఉండటం మరొకటి. అదే ఘాతం సాయంకాలం తగిలి ఉంటే ఈ ప్రాంతపు ఉపగ్రహ సంకేతాల సంగతి వేరుగా ఉండేదనుకోవడానికి అవకాశముంది. ఆ కోణంలో చూస్తే 2024 అనుభవాన్ని భద్రతకు హామీగా తీసుకోవడం తొందరపాటు.

శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న పీఎస్ఎల్‌వీ సీ57 మోసుకెళ్లిన ఇస్రో సౌర పరిశీలన నౌక ఆదిత్య ఎల్1, 2024 జనవరి 6న భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని మొదటి లగ్రాంజ్ బిందువు చుట్టూ కక్ష్యలోకి చేరింది. గ్రహణాల అడ్డు లేకుండా సూర్యుని నిరంతరం చూడటానికి ఆ చోటు అనుకూలం. ఏడు పరికరాల్లో నాలుగు సూర్యుని వైపు చూస్తాయి, మూడు తమను దాటిపోయే కణాలను, క్షేత్రాన్ని కొలుస్తాయి. కృత్రిమ గ్రహణం కల్పించి కరోనాను చిత్రించే వీఈఎల్‌సీ పరికరం 1868లో గుంటూరులో మొదలైన ప్రశ్నకే పొడిగింపు. బెంగళూరు సమీపంలోని బ్యాలాలు వద్ద దూరాకాశ నౌకలతో మాట్లాడే 32 మీటర్ల యాంటెన్నా హైదరాబాద్‌లోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ తయారీ. కర్ణాటకలో తెలుగు మాటలు బాగా వినవచ్చే గౌరిబిదనూరులో రేడియో హీలియోగ్రాఫ్ 1997 నుంచి కరోనాను మీటర్ల పొడవైన రేడియో తరంగాల్లో చిత్రిస్తోంది. ఆ పరిశీలన కేంద్రాన్ని తీర్చిదిద్దిన వారిలో సి.హెచ్.వి. శాస్త్రి ముఖ్యుడు.

ఐటీ కారిడార్‌కు వర్తించేది

1998 నవంబరు 22న సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి మాదాపూర్ చుట్టూ పెరిగిన కారిడార్ సౌర తుఫానుకు ఏ దారిలో లోనవుతుందన్న ప్రశ్నకు సాధారణంగా వినిపించే జవాబు విద్యుత్ వ్యవస్థ కుప్పకూలడం. 1989 మార్చి 13న కెనడాలోని క్యుబెక్‌లో తుఫాను ప్రేరిత ప్రవాహాలు సుమారు తొమ్మిది గంటల పాటు 60 లక్షల మందికి కరెంటు లేకుండా చేశాయి. కానీ అటువంటి ప్రవాహాలు ధ్రువకాంతి మండలం కింద బలంగా, 17 డిగ్రీల అక్షాంశంలో బలహీనంగా ఉంటాయి కనుక హైదరాబాద్‌కు ఆ ఉదాహరణ నేరుగా వర్తించదు.

కాల సంకేతాల సంగతి ఇంకొంచెం సూక్ష్మమైనది. మొబైల్ టవర్లు తమ మధ్య కాలాన్ని సెకనులో పది లక్షల వంతుల్లో ఒకటిన్నరకు లోపల సరిపోల్చుకోవాలి. అందుకు చాలా చోట్ల జీపీఎస్‌పై ఆధారపడతాయి. అయనావరణం కలిగించే పది మీటర్ల దోషం కాలంలో 33 నానోసెకన్లు మాత్రమే, కనుక ఆలస్యంతో వచ్చే చిక్కు లేదు. చిక్కు వచ్చేది సాయంకాలపు బుడగల వల్ల సంకేతం పూర్తిగా తెగిపోయినప్పుడు. అప్పుడు టవర్‌లోని ఆసిలేటర్ ఎంతసేపు నిలకడగా కాలాన్ని మోస్తుందన్న దానిపై సేవ ఆధారపడుతుంది.

కేబుళ్లది దూరపు ముప్పు. గాజు పోగుకు అయస్కాంత తుఫానుతో పని లేదు గాని, సముద్రం అడుగున సంకేతాన్ని పెంచే రిపీటర్లకు కేబుల్ పొడవునా పారే విద్యుత్తు అవసరం. పరిశోధకురాలు సంగీత అబ్దు జ్యోతి 2021లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం అమెరికా, ఐరోపాలను కలిపే అధిక అక్షాంశాల కేబుళ్లకు ముప్పు ఎక్కువ, ఆసియాలోని తక్కువ అక్షాంశాల కేబుళ్లకు తక్కువ. హైదరాబాద్‌కు సముద్రం లేదు. ముంబై, చెన్నై తీరాల మీదుగా ప్రపంచంతో కలుస్తుంది. ఆ తీరాలు నిలిచినా, కారిడార్ ఖాతాదారుల్లో అత్యధికులు అట్లాంటిక్ అంచులవారు కావడంతో అవతలి కొస తెగిన దెబ్బ ఇక్కడి పనిగంటలకు తగులుతుంది.

జ్వాలలను ముందుగా పసిగట్టే పనిలో ఇప్పుడు కృత్రిమ మేధకు పెద్ద పీట వేస్తున్నారు. సోలార్ డైనమిక్స్ అబ్జర్వేటరీ అనే ఉపగ్రహం 2010 నుంచి తీస్తున్న చిత్రాలతో నాసా, ఐబీఎం కలిసి తయారు చేసిన సూర్య అనే నమూనా 2025 ఆగస్టులో అందరికీ అందుబాటులోకి వచ్చింది. సూర్యుని చిత్రాలు, వాటి కొలతలు అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతున్నందున దూరదర్శిని లేని కార్యాలయంలో కూర్చుని కూడా ఈ పరిశోధన చేయవచ్చు. కారిడార్ ఇంజనీర్లకు సౌర భౌతికశాస్త్రంలోకి తెరిచి ఉన్న దారి ఇదే. అయితే నమూనా నేర్చుకున్న డేటా ఒకటిన్నర చక్రానికి మించదు, అందులోనూ 24వ చక్రం గత వందేళ్లలో అతి బలహీనమైన వాటిలో ఒకటి. 1859 సెప్టెంబరులో రిచర్డ్ క్యారింగ్టన్ చూసిన జ్వాల వెంట వచ్చిన తుఫానులో బొంబాయి కొలాబా వేధశాలలో భూ క్షేత్రపు క్షితిజ సమాంతర భాగం దాదాపు 1,600 నానోటెస్లాలు కిందికి పడింది. అటువంటి ఘటన ఉపగ్రహ డేటాలో ఒక్కటీ లేదు. ఆ లోటును కొంతైనా పూడ్చేందుకు కొడైకెనాల్‌లో 20వ శతాబ్ది ఆరంభం నుంచి రోజువారీగా తీసిన సౌర ఛాయాచిత్ర ఫలకాలను భారత ఖగోళభౌతిక సంస్థ డిజిటల్ రూపంలోకి మార్చి పరిశోధకులకు అందుబాటులో ఉంచింది.